వృక్షరుహ

మన పూర్వులు ఒక వస్తువును పలు పేర్లతో పిలిచారంటే దానిని పలు కోణాల నుండి పరిశీలించారని అర్థం. అమరకోశంలోని వనౌషధి వర్గంలో, చెట్టు మీద పుట్టి పెరిగే మొక్కకు వంద, వృక్షాదని, వృక్షరుహ, జీవంతిక అనే పేర్లు కనిపిస్తాయి. వీటిలో రెండింటిని విడదీసి చూడండి. వృక్షాదని అంటే వృక్షాన్ని తినేది. వృక్షరుహ అంటే వృక్షం మీద మొలిచేది. మొదటి పేరు నేరం మోపుతుంది. రెండవ పేరు నివాసం చెబుతుంది. నిఘంటుకర్త వీటిని పర్యాయపదాలుగా పక్కపక్కనే చేర్చాడు. తెలుగువారు ఇంకొక అడుగు ముందుకు వేసి, చెట్టుకొమ్మ మీద కనిపించే ఇటువంటి మొక్కలన్నిటినీ బదనికలనే అన్నారు.

వృక్షశాస్త్రం మాత్రం ఈ రెండు పేర్లనూ రెండు వేర్వేరు జాతులకు పంచిపెట్టింది. సంగారెడ్డి చుట్టుపక్కల మామిడితోటలలో రైతులు కొమ్మలతో సహా నరికి పారవేసే బదనిక నిజంగానే వృక్షాదని. దాని వేరు కొమ్మ బెరడును చీల్చుకొని లోపలికి దిగి, చెట్టు తన కోసం పైకి తెచ్చుకొన్న నీటిని, లవణాలను లాగివేస్తుంది. ఆర్కిడ్ జాతి మొక్కలు అట్లా కాదు. చెట్ల మీద పెరిగే ఆర్కిడ్లు కొమ్మను ఆసరాగా మాత్రమే పట్టుకొంటాయి. వాటికి కావలసిన నీరు వానచినుకు నుండి, మంచు నుండి, గాలిలోని తేమ నుండి వస్తుంది. ఆహారం ఎండలో తామే తయారుచేసుకొంటాయి. అవి వృక్షరుహలు. ఇతరుల ఇంట అద్దెకుండే మనిషికీ, ఆ ఇంటికి కన్నం వేసే మనిషికీ ఉన్నంత భేదం ఈ రెండింటికీ ఉంది.

ఈ భేదం నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. మా ఇంటికి ఒక ఆర్కిడ్ మొక్క వచ్చిన రోజున మా అమ్మ అన్న మాట వల్ల తెలిసింది. కిటికీలో వేలాడదీసిన ఆ మొక్కను, గాలిలోకి చాచుకొన్న దాని వేళ్ళను చూసి ఆమె, “ఇది బదనిక కాదా బిడ్డా? బదనిక ఎక్కిన చెట్టు బతుకదు. ఇంట్లకెందుకు తెచ్చినవ్?” అన్నది. మామిడితోటల మధ్య పెరిగిన మనిషి మాట అది. కాదని చెప్పడానికి నా దగ్గర ఆనాడు సరైన సమాధానం లేదు. ఆ సమాధానాన్ని వెదుకుతూ తెలుసుకొన్న విషయాలే ఈ వ్యాసం.

మొదట ఆ మోజు నాకెట్లా పుట్టిందో చెప్పాలి. మా అమ్మాయి ఉద్యోగరీత్యా సింగపూరులో ఉంటున్నది. 2019 వేసవి సెలవులలో అక్కడికి వెళ్ళినప్పుడు, సముద్రతీరంలోని ‘గార్డెన్స్ బై ద బే’ అనే ఉద్యానవనాన్ని చూశాను. 2012లో ప్రజలకు తెరిచిన ఆ వనంలో రెండు బ్రహ్మాండమైన గాజు మందిరాలు ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు ‘క్లౌడ్ ఫారెస్ట్’, అనగా మేఘారణ్యం. తలుపు దాటగానే ఎదురుగా 35 మీటర్ల ఎత్తున ఒక కృత్రిమ పర్వతం, దాని మీద నుండి దూకే జలపాతం. పర్వతం ఒంటినిండా నాచు, ఫెర్నులు, ఆర్కిడ్లు. ఒక్కటి కూడా నేలలో నాటినట్లు కనిపించదు. గోడను కరచుకొని, కొమ్మను చుట్టుకొని, గాలిలో వేలాడుతూ ఉంటాయి. పర్వతాన్ని చుట్టి వచ్చే వంతెన మీద నడుస్తూ ఉంటే, నిర్ణీత సమయాలలో పొగమంచు వదులుతారు. అప్పుడు చేతికందే దూరంలోని పూవు కూడా కనుమరుగవుతుంది.

సాధారణంగా గాజు మందిరం అనగానే లోపల వేడి ఎక్కువగా ఉంటుందని అనుకొంటాం. ఆ నిర్మాణాలు మొదలైంది కూడా చలిదేశాలలో వెచ్చదనం కోసమే. సింగపూరులో వ్యవహారం తలకిందులు. భూమధ్యరేఖకు చేరువలో ఉన్న ఆ నగరంలో బయట ఎప్పుడూ ఉక్కపోతే. మేఘారణ్యంలోని మొక్కలు ఉష్ణమండలంలోని ఎత్తైన కొండలకు చెందినవి. వాటికి చల్లదనం కావాలి. కనుక అక్కడి గాజు వెలుతురును లోనికి రానిచ్చి వేడిమిని వీలైనంత వరకు బయటనే ఆపుతుంది. శీతలీకరణకు కావలసిన శక్తిలో కొంత భాగాన్ని, నగరంలో నరికిన చెట్ల కొమ్మలు, ఆకుల వంటి ఉద్యానవ్యర్థాలను మండించి పొందుతున్నారు. లోపల గంటసేపు గడిపి బయటకు అడుగుపెట్టగానే నా కళ్ళద్దాలు మసకబారాయి. చల్లబడిన అద్దం మీద బయటి గాలిలోని తేమ నీటి బిందువులుగా కుదురుకొన్నది. రెండు వాతావరణాల మధ్య ఉన్నది ఒక్క గాజు తలుపేనని ఆ మసక చెప్పింది.

ఈ గాజు మందిరాల వెనుక ఒక చిన్న సీసా కథ ఉన్నది. 1829 ప్రాంతంలో లండనులో నాథనియేల్ వార్డ్ అనే వైద్యుడు, ఒక కీటకం గూడు నుండి చిలుక వెలువడడం చూడాలని, దానిని తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగించాడు. ఆ నగరపు పొగకు, మసికి ఆయన పెరట్లో ఫెర్నులు బతికేవి కావు. కాని ఆ సీసాలోని మట్టిలో ఒక ఫెర్ను, ఒక గడ్డిమొక్క తమంతట తాము మొలిచాయి. పగలు ఆవిరైన తేమ గాజుకు తగిలి తిరిగి మట్టిలోకే జారుతున్నదని ఆయన గ్రహించాడు. దాని ఆధారంగా ఆయన చేయించిన గాజుపెట్టెలలో ఆ తరువాత ఖండాల మధ్య మొక్కలు ప్రయాణించాయి. 1851లో జోసెఫ్ పాక్స్టన్ లండనులో ఇనుము, గాజులతో క్రిస్టల్ ప్యాలెస్ నిర్మించాడు. దాని నమూనా మన పొరుగుకూ వచ్చింది. బెంగళూరు లాల్‌బాగ్‌లోని గాజు మందిరానికి 1889లో శంకుస్థాపన జరిగింది. గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల సందర్భంగా అక్కడ జరిగే పుష్పప్రదర్శనలను మీలో కొందరు చూసే ఉంటారు.

కారఖానా పొగ నుండి ఒక మొక్కను కాపాడిన సీసాతో ఈ కథ మొదలైందన్న సంగతిని గుర్తు పెట్టుకోండి. పటాన్‌చెరు గురించి మాట్లాడుకొనేటప్పుడు అది మళ్ళీ అవసరమవుతుంది.

సింగపూరు బొటానిక్ గార్డెన్స్‌లో ప్రత్యేకంగా ఒక జాతీయ ఆర్కిడ్ ఉద్యానం ఉన్నది. అక్కడ నన్ను ఆపిన మొక్క పెద్ద అందగత్తె ఏమీ కాదు. సన్నని కాడకు లేత ఊదారంగు పూవులు. పేరు ‘వందా మిస్ జోకిమ్’. ఆగ్నెస్ జోకిమ్ అనే ఆర్మేనియన్ మహిళ పేరిట 1893లో లోకానికి పరిచయమైన సంకరజాతి ఇది. 1981లో సింగపూరు దీనిని తన జాతీయ పుష్పంగా ప్రకటించింది. శాస్త్రవేత్తలు తరువాత దీనిని వేరే ప్రజాతిలోకి మార్చినా లోకవ్యవహారంలో పాత పేరే నిలిచింది. తెలుగు చదువుకొన్నవాడిని గనుక నా కన్ను పూవు మీద కంటే పేరు మీద ఎక్కువసేపు నిలిచింది. వంద! అమరకోశంలోని వంద!

ఈ మాట అంతదూరం ఎట్లా వెళ్ళిందన్న ప్రశ్న నన్ను తిరిగి తెలుగునేలకే తీసుకొని వచ్చింది. 18వ శతాబ్ది చివర విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు గోదావరి మండలంలోని సామర్లకోటలో ఉంటూ మన మొక్కలను అధ్యయనం చేశాడు. స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించాడు. 1795 నుండి మూడు సంపుటాలుగా వెలువడిన ‘కోరమండల్ తీరపు మొక్కలు’ అన్న ఆయన గ్రంథంలో 300 చిత్రాలు ఉన్నాయి. ఆ చిత్రకారుల పేర్లు మాత్రం గ్రంథానికి ఎక్కలేదు. మొదటి సంపుటంలోనే మామిడి వంటి చెట్ల మీద పెరిగే ఒక ఆర్కిడ్ ఉన్నది. దాని రేకుల మీద గళ్ళు గళ్ళుగా గీతలు ఉంటాయి. రాక్స్‌బర్గ్ దానికి ‘ఎపిడెండ్రం టెస్సెలేటం’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘ఎపి’ అంటే మీద, ‘డెండ్రాన్’ అంటే చెట్టు. అనగా వృక్షరుహ! సరిగ్గా అదే కాలంలో, 1795లో, సంస్కృత పండితుడైన సర్ విలియం జోన్స్ పరిశీలనల ద్వారా ‘వంద’ అన్న సంస్కృతనామం వృక్షశాస్త్రంలో ప్రవేశించింది. నేడు ఆ గళ్ళ పూల మొక్కను శాస్త్రలోకం ‘వందా టెస్సెలేటా’ అని పిలుస్తున్నది. తెలుగునాట అడవులలో, పాత తోపులలో నేటికీ కనిపించే మొక్క అది.

ఆర్కిడ్ అంటే ఎక్కడో విదేశాలలో అట్టపెట్టెలలో అమ్మే పూవు అనుకొన్నాను. అది మన ఊరి చెట్టు మీది బదనికే. భూమి మీద ఆర్కిడ్ కుటుంబంలో దాదాపు 28,000 జాతులు ఉన్నాయని అంచనా. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 2019లో ప్రచురించిన సచిత్ర గ్రంథం మన దేశంలోని 1,256 జాతులను పేర్కొన్నది. తూర్పు కనుమలు కూడా వీటికి నిలయమే. మీరు ఐస్‌క్రీములో రుచి చూసే వెనిల్లా ఒక ఆర్కిడ్ కాయ. మెక్సికో ప్రాంతపు ఆ తీగను ఇతర దేశాలకు తీసుకొనిపోయి నాటితే పూవులు పూసేవి కాని కాయలు కాసేవి కావు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, ఎడ్మండ్ అనే 12 ఏళ్ళ బానిస బాలుడు, చిన్న పుల్లతో పూవులోని పొరను పక్కకు జరిపి, పుప్పొడిని వేలితో అద్ది కాయ పట్టించే ఉపాయం కనిపెట్టాడు. ఆ ఉపాయంతో ఎందరో సంపన్నులయ్యారు. అతడు మాత్రం 1880లో పేదవాడిగానే మరణించాడు. నేటికీ వెనిల్లా తోటలలో కూలీల చేతివేళ్ళే తుమ్మెదల పని చేస్తున్నాయి.

ఇక్కడ మన జొన్నను ఒకసారి తలచుకొందాం. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ మెట్టపంటల మీద పరిశోధన చేస్తున్నది. అక్కడి జన్యునిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి పంటల విత్తనాలను దీర్ఘకాలం నిలువ ఉంచడానికి మైనస్ 20 డిగ్రీల చలిలో భద్రపరుస్తారు. జొన్నగింజను చేతిలోకి తీసుకొని చూడండి. మొలకకు తొలినాళ్ళలో కావలసిన తిండిని తల్లిమొక్క అందులో మూటకట్టి పంపింది. అందుకే అది ఎండిన చేనులో సైతం తొలకరికి లేచి నిలబడుతుంది. ఆర్కిడ్ తల్లి అంత ఉదారురాలు కాదు. ఒక కాయలో లక్షల విత్తనాలను గాలికి వదులుతుంది. ఒక్కొక్కటి ధూళికణమంత. లోపల తిండి ఉండదు. ఆ ధూళికణం సరైన చోట పడి, ఒక ప్రత్యేకమైన శిలీంధ్రం దానిలో ప్రవేశించి పోషిస్తేనే మొలకెత్తుతుంది. ఈ రహస్యాన్ని 1899లో ఫ్రాన్సు శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్డ్ కనుగొన్నాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చక్కెర, లవణాలు కలిపిన గడ్డల వంటి పదార్థం మీద శిలీంధ్రం సాయం లేకుండానే వాటిని మొలకెత్తించాడు. 1960లో జార్జ్ మొరెల్ మొక్క కొన నుండి తీసిన కణజాలంతో అనేక మొక్కలను తయారుచేసే మార్గం చూపాడు. నేడు నర్సరీలలో సామాన్యులకు అందే ధరలో ఆర్కిడ్లు దొరుకుతున్నాయంటే కారణం ఈ పరిశోధనలే.

అంతకుముందు ఆర్కిడ్ కావాలంటే ఒకటే దారి. అడవి నుండి పెరికి తేవడం. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ మీకు తెలిసిన ప్రబంధమే. ఒక్క పూవు రగిల్చిన అలుక తీర్చడానికి శ్రీకృష్ణుడు నందనవనం నుండి పారిజాత వృక్షాన్నే పెకలించి తెచ్చి సత్యభామ పెరట్లో నాటుతాడు. 19వ శతాబ్దిలో ఐరోపా సంపన్నులకు ఆర్కిడ్ల మీద అటువంటి మోజే పుట్టింది. కాని వారి కోసం పెకలించిన మొక్కలు పారిజాతాలు కావు. కొమ్మల మీది ఆర్కిడ్ల కోసం చెట్లకు చెట్లే నరికారు. ఓడలలో కొన్ని చచ్చాయి. చేరినవాటిని గాలి ఆడని వేడి గదులలో ఉడికించి మరికొన్నిటిని చంపారు. గాజు మందిరానికి కిటికీలు కూడా కావాలని వారు తెలుసుకొనేసరికి ఎన్నో అడవులు బోసిపోయాయి. నేడు ఆర్కిడ్ కుటుంబం మొత్తం సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందకు వస్తుంది. మన దేశం 1976లో అందులో చేరింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షిత మొక్కల జాబితాలో నీలి వంద, ఎర్ర వంద, లేడీస్ స్లిపర్ ఆర్కిడ్లు ఉన్నాయి. ఈ కారణంగానే, సింగపూరు నుండి ఒక మొక్కను తీసుకొని వెళ్ళమని మా అమ్మాయి అన్నప్పుడు వద్దన్నాను. అనుమతిపత్రాలు, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కను దేశం దాటించరాదు. హైదరాబాదులోని ఒక నర్సరీలో ఫెలనాప్సిస్ జాతి మొక్కను కొని సంగారెడ్డికి తెచ్చుకొన్నాను. అమ్మ బదనిక అన్నది దానినే.

ఆ మొక్క రెండు నెలలు కూడా బతకలేదు. దానిని చంపింది నా ప్రేమే. మంచి తోటమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి కుండీలో నాటాను. పొద్దునా మాపూ నీళ్ళు పోశాను. మల్లెకు, గులాబీకి చేసే మర్యాద అది. కాని ఆర్కిడ్ వేరు మట్టి కోసం పుట్టింది కాదు. దాని చుట్టూ ‘వెలమెన్’ అనే దూదివంటి పొర ఉంటుంది. వాన పడినప్పుడు ఆ పొర నీటిని చటుక్కున పీల్చుకొంటుంది. తరువాత గాలికి మెల్లగా ఆరుతుంది. తడి, ఆరిక ఒకదాని వెంట ఒకటి రావాలి. తడిమట్టిలో కూరితే ఊపిరాడక కుళ్ళిపోతుంది. అమ్మ ఆ మొక్కను పెరికి, నల్లబడిన వేళ్ళను చూసి, “మన్ను గిట్టనట్టుంది బిడ్డా దీనికి” అన్నది. నిఘంటువు చెప్పిన మాటనే ఆమె వేళ్ళను చూసి చెప్పింది. వృక్షరుహ నేలమీది మొక్క కాదు.

రెండవ మొక్కను కట్టెబొగ్గు ముక్కలు, కొబ్బరిపీచు ముక్కలు నింపిన, పక్కలకు రంధ్రాలున్న కుండీలో పెట్టాను. కొంతకాలం బాగున్నది. వేసవి వచ్చేసరికి బొగ్గు మీద తెల్లని పొర కట్టింది. ఆకుల కొనలు మాడాయి. వేళ్ళ చివరలు నల్లబడ్డాయి. పాశమైలారంలో ఒక కర్మాగారపు ప్రయోగశాలలో పనిచేసే మా పొరుగాయన చిన్న మీటరు తెచ్చి మా బోరునీటిలో ముంచి చూసి, “సార్, ఈ నీళ్ళు మీరే తాగడం లేదు కదా, దానికెందుకు పోస్తున్నారు?” అన్నాడు. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం తాగునీటికి మేలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆర్కిడ్లకు అందులో సగం కూడా ఎక్కువే. వాననీటికి అలవాటు పడిన మొక్క అది. నీరు ఆవిరై పోయినా లవణం వేరు మీదనే మిగిలిపోతుంది.

ఆ తెల్లని పొరను చూస్తూ ఉన్నప్పుడు నాకు వార్డ్ సీసా గుర్తుకు వచ్చింది. పటాన్‌చెరు ప్రాంతంలో 1970ల నుండి పరిశ్రమలు వచ్చాయి. వేలాది కుటుంబాలకు జీవనాధారం కలిగింది. నా విద్యార్థులలో అనేకుల తండ్రులు ఆ కర్మాగారాలలో పనిచేసినవారే. అదే సమయంలో వ్యర్థజలాలు వాగులలోకి, చెరువులలోకి చేరాయి. నక్కవాగు వెంట ఉన్న పల్లెలలో బావులు, పొలాలు చెడిపోయాయి. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. ఈ కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఆ తరువాత ఉమ్మడి శుద్ధి కేంద్రాలు, తాగునీటి సరఫరా, నష్టపరిహారం వంటి ఏర్పాట్లు జరిగాయి. మా బోరునీటిలోని లవణాలన్నీ పరిశ్రమల నుండే వచ్చాయని నేను అనను. దక్కను పీఠభూమి రాతిపొరలలోని నీరు సహజంగానే కఠినజలం. బోర్లు లోతు పెరిగిన కొద్దీ ఈ కాఠిన్యం మరింత తెలుస్తుంది. అయితే నీరు ఎక్కడి నుండి వస్తున్నది, దేనిని మోసుకొని వస్తున్నది అన్న ప్రశ్నను నాకు నేర్పింది ఆ మొక్కే. మనం వడపోత యంత్రం కొనుక్కొని ఆ ప్రశ్నను మరచిపోగలం. వేరుకు ఆ సౌకర్యం లేదు. చెడిన నీటిని తాగక తప్పని పల్లెవాసికీ లేదు.

ఆ సంవత్సరం వానకాలంలో మేడ మీది నుండి దిగే గొట్టం కింద ఒక మూతగల డ్రమ్ము పెట్టాము. మొదటి వానను వదిలివేసి, కప్పు కడిగినట్లయిన తరువాత పట్టిన నీరు అది. ఒక మొక్కకు వారానికి ఒకటి రెండు చెంబులకు మించి అవసరం ఉండదు. డ్రమ్ము నీరు మండువేసవి దాకా వచ్చింది.

ఆర్కిడ్ పెంచాలని ఉత్సాహపడేవారు కొన్ని విషయాలు గమనించాలి. మొదట, మొక్కను నమ్మకమైన నర్సరీలో కొనాలి. అడవిలోని మొక్కను ఎట్టి పరిస్థితిలోనూ పెరికి తేకూడదు. మన ప్రాంతానికి కొత్తవారు డెండ్రోబియంతో గాని, ఫెలనాప్సిస్‌తో గాని మొదలుపెట్టడం మేలు. డెండ్రోబియం అన్న పేరుకు కూడా చెట్టు మీద బతికేది అనే అర్థం. వెలుతురు కావాలి కాని ఫెలనాప్సిస్‌కు ఎర్రటి ఎండ తగలరాదు. తూర్పు కిటికీ శ్రేష్ఠం. ఆకు మరీ ముదురాకుపచ్చగా మారితే వెలుతురు చాలడం లేదని, పసుపు గాని ఎరుపు గాని కలిస్తే ఎక్కువైందని గ్రహించాలి. నీరు ఎప్పుడు పోయాలో వేరే చెబుతుంది. ఆరినప్పుడు వెలమెన్ నిండా గాలి ఉండడం వల్ల వేరు వెండిలా తెల్లగా కనిపిస్తుంది. తడిసినప్పుడు ఆ పొర పారదర్శకమై లోపలి ఆకుపచ్చ బయటపడుతుంది. తెల్లగా ఉంటే పోయండి. పచ్చగా ఉంటే ఆగండి. పొద్దున్నే పోయాలి. ఆకుల నడిమి గుండెలో నీరు నిలువనీయరాదు. కుండీ అడుగున నీటి పళ్ళెం పెట్టదలిస్తే, గులకరాళ్ళు పరచి, కుండీ నీటికి తగలకుండా చూడాలి.

మన వేసవిలో 40 డిగ్రీలు దాటిన ఎండకంటే పొడిగాలి ఎక్కువ ప్రమాదం. సింగపూరులో గాజు మందిరం చేసే పనిని ఇక్కడ కిటికీకి కట్టిన తడిగోనె, వట్టివేళ్ళ తడికె కొంతవరకు చేస్తాయి. మన పెద్దలు మనుషుల కోసం కట్టిన తడికెలు మొక్కలకూ పనికివస్తాయి. చలికాలంలో పుష్యమాసపు రాత్రులు మొక్కను లోపలికి తీసుకొనిరావాలి. అయితే కార్తీక మార్గశిరాలలోని ఓ మాదిరి చల్లని రాత్రులను దానికి దూరం చేయరాదు. ఆ చల్లదనమే ఫెలనాప్సిస్‌కు పూలకాడ వేయడానికి సంకేతం. ఎరువును చెప్పిన మోతాదులో నాలుగవ వంతుకు పలుచన చేసి, పెరిగే రోజులలో మాత్రమే ఇవ్వాలి. పిండినల్లి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచివేయాలి. రెండేళ్ళకు ఒకసారి పాతబడిన పీచును మార్చాలి.

ఈ మొక్కల జీవనవిధానంలో ఇంకొక విశేషం ఉన్నది. సాధారణ మొక్కలు పగటిపూట పత్రరంధ్రాలు తెరచి బొగ్గుపులుసు వాయువును తీసుకొంటాయి. ఆ సమయంలో కొంత నీరు ఆవిరైపోతుంది. ఫెలనాప్సిస్ వంటి వృక్షరుహలు ఎండలో ఆ తలుపులు మూసుకొని, రాత్రి చల్లబడిన తరువాత తెరుస్తాయి. రాత్రి తీసుకొన్న వాయువును ఆమ్లరూపంలో దాచుకొని మరునాటి వెలుతురులో ఆహారంగా మార్చుకొంటాయి. బ్రహ్మజెముడు, అనాస కూడా ఈ పద్ధతినే పాటిస్తాయి. కొమ్మ మీది బతుకు ఒక విధంగా ఎడారి బతుకే. వాన ఆగిన మరుక్షణం నుండి కరవు మొదలవుతుంది. నీటి విలువ తెలిసిన మొక్క గనుకనే అది పొదుపు నేర్చుకొన్నది. సుకుమారి అని పేరుబడిన ఈ పూవు మన మెట్టప్రాంతపు జొన్నకు ఈ విషయంలో దూరపు చుట్టమే.

రెండవ మొక్క చావలేదు. మాడిన వేళ్ళను కత్తిరించి, వాననీటితో బొగ్గును కడిగి, మళ్ళీ కట్టాము. ఏడాదిన్నర పాటు ఆకులు మాత్రమే వేసింది. ఆ కాలమంతా దాని బాగోగులు చూసింది అమ్మ. ఆమెకు వెలమెన్ అన్న మాట తెలియదు. ప్రతి ఉదయం కిటికీ దగ్గర నిలబడి, “ఇయాల తెల్లగున్నయ్, పొయ్యాలె” అనో, “ఇంక పచ్చగనే ఉన్నయ్” అనో చెప్పేది. ఒక మార్గశిర మాసంలో ఆకు మొదట్లో నుండి పొడుచుకొని వచ్చిన మొలక వేరు కాదని, కాడ అని మొదట గుర్తుపట్టింది కూడా ఆమే. మాఘమాసంలో మొదటి పూవు విచ్చింది. వైశాఖం వచ్చేవరకు చివరిది రాలలేదు.

ఆ పూలను చూడడానికి మా కళాశాల విద్యార్థులు కొందరు వచ్చారు. ఇది చెట్టును తింటుందా అని వారిలో ఒకమ్మాయి అడిగింది. నేను అమరకోశం నుండి మొదలుపెట్టబోతూ ఉండగా అమ్మ అందుకొని, “తినేది వేరు, కూసునేది వేరు బిడ్డా. ఇది కూసునేది” అన్నది.

విద్యార్థులారా! ఈ ప్రాంతంలో మీ ఇంటిముందు ఏ వేపచెట్టు మీదనో, ఊరి చివర పాత మామిడి మీదనో గళ్ళ గళ్ళ పూలతో వంద మొక్క కనిపిస్తే దానిని అక్కడనే ఉండనివ్వండి. కింద నిలబడి దాని వేళ్ళు తెల్లగా ఉన్నాయో, పచ్చగా ఉన్నాయో చూడండి. వానలు ఎట్లా ఉన్నాయో, గాలి ఎట్లా ఉన్నదో అది చెబుతుంది. ఇంట్లో పెంచుకోవాలని ఉంటే నర్సరీ మొక్కను తెచ్చుకోండి. అంతకుముందు మేడ మీది గొట్టం కింద ఒక డ్రమ్ము పెట్టండి.